ఎడమ బకిల్: ఒక్కరే తిరిగే క్యాంపర్‌వ్యాన్‌లో పాప్-టాప్ కేసు

ఫిబ్రవరి చివర్లో ఒక సోమవారం పొద్దున వర్క్‌షాపు తెరిచేసరికి గేటు బయట నీలం రంగు ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ వ్యాన్ ఒకటి ఆగి ఉంది. పైకప్పు మీదుగా లగేజీ కట్టే పట్టీలు రెండు వేసి, ముందు తలుపుల సందుల్లోంచి లోపలికి లాగి బిగించారు. జ్వరం వచ్చినవాడు తలకి గుడ్డ బిగించి కట్టుకున్నట్టుంది బండి వాలకం. లోపల డ్రైవరు సీట్లో ఒకావిడ ఫ్లాస్కులో కాఫీ తాగుతున్నారు. స్కాట్లండ్ నుంచి ఆ కట్టుతోనే, గంటకి 40 మైళ్ళు దాటకుండా వచ్చారట. ఇంటికి పోకుండా నేరుగా మా దగ్గరికే వచ్చారు.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్డులో. ఇప్పుడు ఇంగ్లండ్‌లో, లంకాషైర్‌లో ఇంకొకరితో కలిసి క్యాంపర్‌వ్యాన్ల పని చేస్తున్నాను. పాప్-టాప్‌లు బిగించడం, పాతవాటిని బాగుచేయడం మాకు రోజూ ఉండే పని. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో మొదట నేనే తప్పు చేశాను. రెండో కారణం, ఈ దేశంలో వ్యాన్ కొనుక్కుని ఒక్కళ్ళే తిరుగుతున్న తెలుగువాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈమధ్య నాకు తరచుగా ఫోన్ చేస్తున్నారు. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరూ పేరూ మాత్రం రాయను.

పాప్-టాప్ ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి రెండు మాటలు. వ్యాన్ పైన రేకుని పెద్ద కంతలా కోసేసి, దాని చుట్టూ ఉక్కు చట్రం అంటించి, పైన ఫైబర్‌గ్లాస్ మూత పెడతారు. బండి నడిచేటప్పుడు మూత మూసి ఉంటుంది. ఆగాక ఎత్తితే మూతకీ బండికీ మధ్య గుడారంలా గుడ్డ విచ్చుకుంటుంది. నిటారుగా నిలబడడానికి చోటు దొరుకుతుంది, కొన్నిటిలో పైన పడుకోవడానికి పలక కూడా ఉంటుంది. మూసినప్పుడు మొత్తం ఎత్తు రెండు మీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 2.1 మీటర్ల అడ్డుకమ్మీ ఉన్న కారు పార్కింగుల్లోకి బండి పోతుంది. ఎత్తు టాప్ వ్యాన్ కొనకుండా జనం దీన్ని కొనేది సగం అందుకే.

ఈ బండి 2012 నాటి టీ5 మోడలు, షార్ట్ వీల్‌బేస్, అంటే పొడుగు తక్కువ రకం. హింజెస్ వెనక ఉన్నాయి, ముందు భాగం లేస్తుంది. మోటారేమీ లేదు, చేత్తో ఎత్తి చేత్తో దించాలి. రెండు పక్కలా ఒక్కో గ్యాస్ స్ట్రట్. కారు డిక్కీ తలుపు కాస్త ఎత్తగానే దానంతటదే పైకి లేపే గొట్టం ఉంటుందే, అదే. మూసినప్పుడు ముందు రెండు మూలల్లో సీటుబెల్టు బకిల్ లాంటివి చెరొకటి పడాలి.

ఆవిడ ఆపరేషన్ థియేటర్ నర్సు, వయసు నలభై దాటింది. ఎత్తు అయిదడుగులు, అంటే 152 సెంటీమీటర్లు. రెండేళ్ళ క్రితం ఈ వ్యాన్‌ని పాతదే కొనుక్కున్నారు. డ్యూటీ రోస్టరులో నాలుగు రోజులు వరసగా సెలవు దొరికితే ఉత్తరానికి బయల్దేరతారు. చెప్పిన ఇబ్బందులు మూడు. చలి పొద్దున్నల్లో టాప్ కుడి మూల కుంగుతోంది. మూసేటప్పుడు చివరి జానెడు ఎంత లాగినా రాదు. కుడివైపు గుడ్డ ఎక్కడో నలిగి చిరిగింది. ఈ మూడింటితోనూ ఏడాదిగా సర్దుకుపోతున్నారు.

సర్దుకోలేనిది ఆదివారం జరిగింది. స్కాట్లండ్‌లో ఏ9 రోడ్డు మీద దక్షిణానికి వస్తూ డ్రమాక్టర్ కనుమ దాటుతున్నారు. అక్కడ రోడ్డు 460 మీటర్ల ఎత్తులో, రెండు పక్కలా బోడి కొండల మధ్య పోతుంది. గాలికి అడ్డం లేదు. వేగం గంటకి 55 మైళ్ళు. పైనుంచి చాటతో చెరిగినట్టు చప్పుడు మొదలైంది. మొదట వాన అనుకున్నారు. తర్వాత ఎడమ చెవి పక్కనుంచి చల్లగాలి తగిలింది. పక్కకి తీసి ఆపి చూస్తే టాప్ ఎడమ మూల వేలు దూరేంత లేచి ఉంది, ఎడమ బకిల్ ఊడి వేలాడుతోంది.

"నేను పెట్టాను అన్నయ్య గారూ. క్లిక్ అని విన్నాను కూడా. నాకే బలం చాలక సరిగ్గా పడలేదేమో."

బండి నడిచేటప్పుడు టాప్ మీదుగా పోయే గాలి దాన్ని కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. ఆ పీల్పు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 50లో ఉన్నదానికి 70లో దాదాపు రెట్టింపు. కుడి బకిల్ ఒక్కటే ఆపింది ఆ రోజు. ఆవిడ మోటార్‌వే మీద ఉండి ఉంటే నేను ఈ కథని వేరేగా రాయాల్సి వచ్చేది.

ముందు చట్రం చూశాను. అంటించిన జిగురు ఎక్కడా వదల్లేదు, కోసిన రేకు అంచుల్లో తుప్పు లేదు, హింజెస్ బిగువుగానే ఉన్నాయి. ఆ భయం తీరాక స్ట్రట్లు చూశాను. గొట్టం మీద దాని బలం న్యూటన్లలో అచ్చువేసి ఉంటుంది. కుడిదాని మీద 400. పాతది, బండికి మొదటినుంచీ ఉన్నది, రాడ్ మీద నూనె జిడ్డు కారి ఉంది. ఎడమదాని మీద 600. కొత్తది. పాత యజమాని కాలంలో ఎవరో ఎడమది పాడైతే అదొక్కటే మార్చారు, అందులోనూ షెల్ఫులో ఏది ఉంటే అది పెట్టేశారు.

ఆటోనగర్‌లో మా మేస్త్రీ ఒక మాట అనేవాడు: కాడికి ఒక పక్క ఒంగోలు గిత్తనీ ఇంకో పక్క ముసలెద్దునీ కడితే నాగేటి చాలు తిన్నగా రాదు, కాడి విరుగుతుంది. ఇక్కడ జరిగింది అదే. ఎడమ స్ట్రట్ టాప్‌ని తోసేస్తోంది, కుడిది గ్యాస్ పోయి మోయలేక మోస్తోంది. ఫైబర్‌గ్లాస్ మూత చూడ్డానికి గట్టిగా కనిపించినా మెలితిరుగుతుంది. మూసేటప్పుడు కుడి మూల ముందు కూర్చుంటుంది, ఎడమ మూల పైకే ఉంటుంది. ఆ వంకరలో బకిల్ నాలుక సగమే దూరుతుంది. సగం దూరినా క్లిక్‌మనే అంటుంది. ఆవిడ విన్నది నిజమే.

బలం కొలవడానికి మా దగ్గర ప్రత్యేకమైన పరికరాలేమీ లేవు. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసు 23 కిలోలు దాటిందో లేదో తూచుకునే కొక్కెం కాంటా ఉంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళ ఇంట్లో పోపులపెట్టె లేకపోయినా అది ఉంటుంది. దాన్ని టాప్ ముందంచుకి తగిలించి లాగాను. ఎడమ మూలని దించడానికి 12 కిలోల లాగుడు కావాల్సి వచ్చింది. కుడి మూల దగ్గర కాంటా పనే లేదు, చెయ్యి వదిలితే దానంతటదే జారింది. ఆ రోజు షెడ్డులో 6 డిగ్రీలు.

చివరి జానెడు సంగతి వేరే. మూతపడే సమయానికి స్ట్రట్ దాదాపు పడుకుని ఉంటుంది, దాని తోపు అప్పుడు తక్కువే. మరి అడ్డుపడుతున్నది ఏమిటి? తలుపులన్నీ మూసి లాగితే కాంటా 18 చూపించింది. పక్కకి జరిగే తలుపు తెరిచి లాగితే 11. తేడా అంతా గాలి. లోపలి గాలికి పోయే దారి లేక గుడ్డని బుడగలా బయటికి తోస్తోంది, ఆ గుడ్డే వచ్చి అంచు కింద నలుగుతోంది. చలికనీ, ఎవరైనా చూస్తారనీ ఆవిడ రెండేళ్ళుగా తలుపులన్నీ వేసుకునే టాప్ దించుతున్నారు. తలుపో కిటికీయో తెరిచి దించాలన్న ముక్క ఎవరూ చెప్పలేదు. ఈ ఒక్క ముక్కతో పోయే కేసులు మా దగ్గరికి చాలా వస్తాయి, వాటికి నేను డబ్బు తీసుకోను.

అయినా నాకు తృప్తి కలగలేదు. బలం చాలక కాదు, స్ట్రట్లు తేడా, గాలికి దారి లేదు, సరే. కానీ గుడ్డ కుడివైపే చిరగడం ఏమిటి? ఊడింది ఎడమ బకిలే, అది ఇంతకాలం కంటపడకపోవడం ఏమిటి? "ఎప్పుడూ ఎలా చేస్తారో అలాగే ఒకసారి చేసి చూపించండమ్మా, నేను మాట్లాడను" అన్నాను.

బ్రిటన్ బండికి జరిగే తలుపు ఎడమవైపు ఉంటుంది. ఆవిడ అక్కడినుంచే ఎక్కి, సీటు అంచు మీద నిలబడి, చేతికందిన ఎడమ పట్టీ పట్టుకుని లాగారు. కుడి పట్టీ ఆవిడకి అందదు. కుడి మూల గభాలున దిగింది. అటువైపు గుడ్డ బయటికి ఉబ్బి అంచు కింద పడింది. అది ఆవిడకి కనబడదు, ఎందుకంటే ఆవిడ లోపల, ఎడమపక్క ఉన్నారు. తర్వాత ఎడమ బకిల్ పెట్టి, దిగి, బండి చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు వైపు వెళ్ళి కూర్చున్నారు. కుడి పక్క కూర్చున్న డ్రైవరుకి ఎడమ బకిల్ మడతపడిన గుడ్డ వెనక ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మేం కొత్త టాప్ బిగించినప్పుడు కస్టమరుకి చూపించేది ఎప్పుడూ ఇద్దరం కలిసే. నేను లోపల రెండు పట్టీలూ పట్టుకుని లాగుతాను, మా భాగస్తుడు బయట తిరుగుతూ గుడ్డ లోపలికి తోస్తుంటాడు, "కుడివైపు ఆగు, చిక్కింది" అని అరుస్తాడు. టాప్‌తో పాటు వచ్చే పుస్తకంలో బొమ్మల్లోనూ ఇద్దరే ఉంటారు. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ, ఆ బయటివాడు లేకపోతే ఏమిటని నేను ఒక్కసారీ ఆలోచించలేదు. ఆవిడకి చాలనిది బలం కాదు, బయట నిలబడే ఆ రెండో మనిషి. ఆ మనిషి చేసే పనిని ముక్కలు చేసి బండికీ వరసకీ పంచడమే ఇక్కడినుంచి మా పని.

ముందు నా తప్పు చెప్పాలి. చలికాలంలో కుంగడం చూసి, కాస్త గట్టివే పెడదామని 500 న్యూటన్లవి జత తెచ్చి బిగించాను. 6 డిగ్రీల షెడ్డులో దించడానికి మొత్తం 15 కిలోలు చూపించింది. ఫరవాలేదనుకున్నాను. జూన్‌లో ఫోన్ వచ్చింది. ఎండలో నిలిపిన బండిలో, టాప్ కింద 38 డిగ్రీలు, అసలు దిగడం లేదని. పక్క వ్యాన్‌లో ఎవరినో పిలిచి లాగించుకోవాల్సి వచ్చిందట. ఒక్కళ్ళే తిరగడానికి బండి బాగుచేసి ఇస్తే, పరాయివాళ్ళని బతిమాలుకునే స్థితికి తెచ్చాను.

లెక్క ఇలా తప్పింది. స్ట్రట్‌లో ఉండేది నైట్రోజన్. దాని ఒత్తిడి ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది, సెల్సియస్‌తో కాదు, సున్నాకి 273 కింద మొదలయ్యే లెక్కతో. 6 నుంచి 38 డిగ్రీలకి పోతే సుమారు 11 శాతం ఎక్కువ. 11 శాతమే కదా అనిపిస్తుంది. కానీ చేతికి తగిలేది స్ట్రట్ బలం కాదు, స్ట్రట్ బలంలోంచి టాప్ బరువు పోగా మిగిలింది. ముందంచు దగ్గర ఈ టాప్ బరువు 25 కిలోలు. చలిలో స్ట్రట్లు అక్కడ 40 కిలోల మేర ఎత్తుతున్నాయి, కాబట్టి చేతికి 15. ఎండలో 40 కాస్తా 44 దాటితే చేతికి 19 పైమాటే. ఆవిడ లాగాల్సిన బరువు 11 శాతం కాదు, దాదాపు 30 శాతం పెరిగింది. అయిదడుగుల మనిషి, తలపైకి చేతులెత్తి, సీటు అంచు మీద నిలబడి 19 కిలోలు లాగడం అయ్యే పని కాదు.

రెండోసారి బ్లీడ్ వాల్వ్ ఉన్న స్ట్రట్లు తెప్పించాను. వీటికి కింద చిన్న మర ఉంటుంది, తిప్పితే గ్యాస్ కొద్దికొద్దిగా పోతుంది. పోయింది మళ్ళీ ఎక్కదు, అందుకే తొందర పనికిరాదు. ఒక్క క్షణం వదలడం, టాప్ రెండుసార్లు ఎత్తి దించడం, కాంటా చూడడం. రెండు పక్కలా సమానంగా వచ్చేలా, 20 డిగ్రీల్లో 10 కిలోలకి తెచ్చి ఆపాను. ఆ లెక్కన సున్నా డిగ్రీల్లో కూడా టాప్ నిలబడాలి, ఎండలో 13 దాటకూడదు. కూర్చుని లెక్క వేస్తే ఒక్కో స్ట్రట్ 415 న్యూటన్ల దగ్గర తేలింది. అంటే బండికి మొదట పెట్టినవాడి 400 లెక్కే దాదాపు సరైనది. జతని జతగా మార్చి ఊరుకుంటే సరిపోయేది. నాలుగు నెలలు, రెండు జతల ఖరీదు పెట్టి నేను నేర్చుకున్నది అది.

లాగడానికి రెండు పట్టీలు తీసేసి ఒకటే పెట్టాను. రెండు మూలల నుంచి వచ్చిన పట్టీలు మధ్యలో ఒక ఇనుప రింగు దగ్గర కలిసి, అక్కడినుంచి ఒకటే పట్టీ కిందికి దిగుతుంది. ఎద్దుల పగ్గంలా అనుకోండి. మధ్యలో నిలబడి లాగితే రెండు మూలలకీ సమానంగా పడుతుంది. పట్టీ పొడుగ్గా ఉంది కాబట్టి ఆవిడ సీటు ఎక్కనక్కర్లేదు, నేల మీద నిలబడే లాగుతారు. సీటు కాలికి ఒక కొక్కెం బిగించాను. టాప్ సగం దిగాక పట్టీని దానికి ఒక చుట్టు చుడితే అక్కడే ఆగుతుంది, రెండు చేతులూ ఖాళీ. ఆ సగంలో దిగి బయట చూసి, గుడ్డ ఎక్కడ ఉబ్బిందో లోపలికి తోసి, మళ్ళీ వచ్చి మిగతా సగం దించాలి. బయట తిరిగే మా భాగస్తుడి పని ఇప్పుడు ఆ కొక్కెం చేస్తోంది.

గుడ్డ చుట్టూ నడుముకి మొలతాడులా ఒక సాగే తాడు. దించుతున్నప్పుడు అది గుడ్డని లోపలికి గుంజుతుంది. క్యాంపింగ్ దుకాణంలో కొన్న మామూలు తాడే. బిల్లులో అన్నిటికన్నా చవకైనదీ, ఎక్కువ పనిచేసేదీ ఇదే. గుడ్డ కిటికీల జిప్పులు వేసి దించాలా తీసి దించాలా అన్నది ఒక్కో టాప్‌కి ఒక్కోలా ఉంటుంది. ఈ బండికి పక్క జిప్పులు వేసి, ముందుది తీస్తే మడత చక్కగా పడుతోంది. చిరుగు నాలుగు సెంటీమీటర్లు, లోపలా బయటా ముక్క వేసి కుట్టి, కుట్టు మీద సీలర్ రాశాం.

ఇక ఎడమ బకిల్. మొదట నా బుర్ర వైరింగ్ వైపే పోయింది. ఇంటి దొంగల అలారంలో వాడే మాగ్నెట్ స్విచ్ టాప్ ముందంచుకి పెట్టి, తాళం తిప్పినప్పుడు టాప్ లేచి ఉంటే బజర్ మోగేలా చేశాను. పనిచేస్తుంది, ఉంచాం కూడా. కానీ అది టాప్ దిగిందా లేదా అన్నదే చెబుతుంది, బకిల్ పడిందా లేదా అన్నది చెప్పదు. ఆ ఆదివారం ఈ బజర్ ఉండి ఉంటే కూడా మోగేది కాదు, బయల్దేరేటప్పుడు టాప్ దిగే ఉంది మరి.

జవాబు ఆవిడ దగ్గరే దొరికింది. థియేటర్‌లో ఆపరేషన్ ముగించి కుట్లు వేసే ముందు, రక్తం అద్దడానికి వాడిన గాజ్ (పలుచటి నూలు) గుడ్డలు లెక్కపెడతారట. ఇద్దరు నిలబడి, పైకి చెబుతూ, ఒక్కొక్కటీ చూపిస్తూ. ఒక్కరే లెక్కపెడితే ఆ లెక్క చెల్లదు. "మరి ఇక్కడ రెండో నర్సు ఎవరు?" అన్నాను. కాసేపు ఆలోచించి బండి తాళం చేతిలోకి తీసుకున్నారు.

ఇప్పుడు టాప్ ఎత్తగానే బండి తాళం ఎడమ బకిల్ నాలుకకి ఉన్న రింగుకి వేలాడుతుంది. వేరే చోట పెట్టకూడదు. తాళం కావాలంటే ఎడమ బకిల్ దగ్గరికి పోవాలి, తీశాక నాలుకని దూర్చి, వేలితో వెనక్కి గుంజి చూసి, "ఎడమ" అని పైకి అనాలి. కుడిది ముందే అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత దిగి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ, అంచు పొడుగునా రబ్బరు సీలు మీద చూపు పరుస్తూ. ఎక్కడైనా గుడ్డ కనబడితే మళ్ళీ మొదటికి. అప్పుడే స్టీరింగు. బజర్‌కి నేను తీసుకున్న మజూరీ చూస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

ఒంటరి ప్రయాణంలో టాప్ గురించి మాట్లాడితే రాత్రి సంగతి కూడా మాట్లాడాలి. టాప్ ఎత్తి ఉన్న బండి వెంటనే కదలదు. అన్ని మెట్లూ సరిగ్గా చేస్తే ఆవిడకి నాలుగు నిమిషాలు పడుతుంది, అందులో రెండుసార్లు కిందికి దిగాలి. అర్ధరాత్రి ఎవరో వచ్చి పక్కన కారు ఆపి, లైట్లు ఆర్పి కూర్చుంటే ఆ నాలుగు నిమిషాలు చాలా పెద్దవి. అందుకని మేం ఒక నియమం పెట్టుకున్నాం. క్యాంప్‌సైట్‌లో అయితే టాప్ ఎత్తాలి. ఒంటరి చోట ఆగితే దించే పడుకోవాలి. కింద మడత మంచం ఒక మనిషికి బోలెడు. ప్యాంటు మార్చుకోవడానికీ, వంట చేసుకోవడానికీ సాయంత్రం ఒక గంట ఎత్తి, చీకటి పడకముందే దించేయొచ్చు. ముందు సీట్లు రెండూ వెనక్కి తిరిగేవే అయినా డ్రైవరు సీటు తిప్పవద్దన్నాను. తిప్పేదేదో పక్క సీటు తిప్పుకోవాలి. టాప్ దించి, డ్రైవరు సీటు ముందుకే ఉంటే, తలుపు తెరవకుండా మంచం మీదినుంచి స్టీరింగు దగ్గరికి పోయి బండి తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఇద్దరు ఉన్న బండికి ఈ సలహా నేను ఇవ్వను, అవసరం రాదు.

గాలి విషయంలో బండి నిలిపే దిక్కు ముఖ్యం. ఈ టాప్ ముందు లేస్తుంది, వెనక ఆనుకునే ఉంటుంది. కాబట్టి వెనక భాగం గాలికి పెట్టాలి. గాలి వాలు ఎక్కి పైనుంచి పోతుంది. ముక్కు గాలికి పెడితే ఆ గుడ్డ తెరచాప అయిపోతుంది. చాలామంది అలవాటుగా సముద్రం కనబడాలని ముక్కు అటు పెడతారు, గాలి వచ్చేదీ అటునుంచే. వాతావరణ సూచనలో మామూలు గాలి వేగం కాదు, ఈదురు గాలి (గస్ట్) అంకె చూడమన్నాను. ఆవిడకి గంటకి 30 మైళ్ళు గీత. అది దాటితే ఆ రాత్రి టాప్ లేదు. ఇదేమీ శాస్త్రం చెప్పిన గీత కాదు, ఈ బండికీ ఈ మనిషికీ మేం గీసుకున్నది. ఆ గాలిలో ఒక్కళ్ళే దించగలరా అన్నదే కొలత, గుడ్డ ఆగుతుందా అన్నది కాదు.

తడి గుడ్డ గురించి కొంచెమే చెబుతాను. వానలో మూయక తప్పదు, స్కాట్లండ్‌లో మరీను. మూసినది ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ ఎత్తి ఆరబెట్టకపోతే నల్ల బూజు చుక్కలు వస్తాయి. ఈ గుడ్డకి ఉన్నాయి. తేలిక సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక వాటర్‌ప్రూఫ్ మందు కొట్టాం. బ్లీచ్ వాడితే చుక్కలతో పాటు గుడ్డ సత్తువ కూడా పోతుంది. తడి అంతా వానదే అనుకోవద్దు. రాత్రంతా ఒక మనిషి ఊపిరిలోంచీ ఒంటిలోంచీ పోయే నీళ్ళు దాదాపు గ్లాసుడు ఉంటాయి, అవి చల్లని ఫైబర్‌గ్లాస్‌కి పట్టి కారతాయి. లోపల అన్నం వండితే ఇంకా ఎక్కువ. కిటికీ కాస్త తెరిచి ఉంచాలి, గ్యాస్ పొయ్యి వాడేవాళ్ళకి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. పైన గుడ్డే కదా గాలి ఆడుతుందిలే అని ఊరుకోకూడదు.

ఆవిడ అడిగిన ఇంకో ప్రశ్న, బండి కాగితాల్లో మోటార్ కారవాన్ అని మార్పించుకోవచ్చా అని. ఇక్కడ బండ్లు రిజిస్టరు చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ బయటికి కనబడే లక్షణాలు చూస్తుంది, ఎత్తు టాప్‌ని లెక్కలోకి తీసుకుంటుంది, పాప్-టాప్‌ని తీసుకోనని నిబంధనలోనే రాసి పెట్టింది. మార్చకపోయినా ఇన్సూరెన్స్‌కి మాత్రం కప్పు కోసిన సంగతి చెప్పి తీరాలి. ఇది చదివి హైదరాబాద్‌లో తమ వ్యాన్ టాప్ కోయించుకుందామనుకునేవాళ్ళకి ఒక మాట: అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండి మార్చడానికి అది ఒప్పుకోదు. గ్రైండర్ ఆన్ చేయకముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళండి.

జూన్‌లో రెండో జత బిగించినప్పటి నుంచి మరుసటి ఏప్రిల్ దాకా ఆవిడ రాసుకున్న లెక్క ఇది. 34 రాత్రులు బండిలో పడుకున్నారు. 13 రాత్రులు టాప్ ఎత్తనేలేదు. అందులో నాలుగు గాలి వల్ల, మిగతావి అక్కర్లేక. తడిగా మూసింది తొమ్మిదిసార్లు. సాగే తాడు పెట్టడం మర్చిపోయి గుడ్డ చిక్కింది ఒకసారి, ప్రదక్షిణలో దొరికింది. తాళం బకిల్‌కి కాక జేబులో పెట్టుకున్నది ఒకసారి. అది ఏ పొద్దున జరిగిందో తేదీతో సహా రాశారు, పక్కన కారణం కూడా: "ఫోన్ మాట్లాడుతున్నాను."

పూర్తిగా నయం కానిది ఒకటుంది. స్ట్రట్లు సమానమయ్యాక కూడా ఎడమ మూల కుడిదానికన్నా రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చుంటోంది. ఆ 600 న్యూటన్ల స్ట్రట్ ఏళ్ళ తరబడి తోసి తోసి ఫైబర్‌గ్లాస్‌కే ఆ వంకర అలవాటు చేసిందని నా అనుమానం. సరిచేయాలంటే మూత విప్పి, అడుగున పక్కటెముకలా కొత్త పట్టీ వేయాలి, వారం పని. బకిల్ నిండా పడుతోంది, నీళ్ళు రావడం లేదు. ప్రస్తుతానికి ఆ మూల సీలు కింద రెండు మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ అదనంగా వేసి వదిలేశాను. అక్టోబరులో సర్వీసుకి వచ్చినప్పుడు కాంటా తగిలించి చూస్తాను. రెండు మిల్లీమీటర్లు మూడైతే మూత విప్పక తప్పదని ఆవిడకి ముందే చెప్పాను.